దర్వాజ కాడ బరిసె

నక్కలగుట్టలో జిరాక్స్ షాపు మీద మా గది.
మూడు కంప్యూటర్లు, ఒక కూలరు.
ఎనుమాముల దిక్కు నుంచి గాలి మళ్లితే
మిర్చి ఘాటుకు ముగ్గురం ఒకేసారి తుమ్ముతాం.
రెండేళ్లుగా ఇక్కడే ఒక రాజ్యం కడుతున్నాం:
కోట ఉంది, కొండచిలువ ఉంది,
మాట్లాడే గుడ్లగూబకు గొంతు నాదే.
ఆయుధాలు కత్తి, గొడ్డలి, విల్లు, మంత్రపు కర్ర.
బల్లెం లేదు.

"పెట్టాలె" అంటాడు యాకూబ్.
"పేదోళ్ల సైన్యమంటే బల్లేలే.
కత్తికెంత ఇనుము కావాలె, బల్లేనికెంత?
మన ఆటల అందరు రాజుల కొడుకులేనా?"
బొమ్మలు కదిలేది అతని చేతి కిందే గనుక
ఆ మాట అనే హక్కు అతనికుంది.

"అన్నీ నువ్వే చేస్తవా?" అంటుంది ప్రవళిక.
పొడవడం, తిప్పడం, విసరడం, విసిరింది తెచ్చుకోవడం,
గుర్రం మీద, నీళ్లలో, నిచ్చెన మీద...
రెండొందల పద్నాలుగు కదలికలు.
దసరాకు ఆట బయటికి రావాలి.
అప్పిచ్చినాయన ఇప్పటికే
గుడ్ మార్నింగ్ మెసేజీలు ఆపేశాడు.

నేను లెక్కల మనిషిని.
బల్లెం ఆరడుగులు, కత్తి మూడు.
అంకెలు వేసి చూశాను:
దూరం నుంచే పొడుస్తూ పోతే
మూడో నిమిషంలో కొండచిలువ చస్తుంది.
రెండేళ్లు పెంచుకున్న కొండచిలువ.
బలం తగ్గించి చూశాను.
అప్పుడది బల్లెం కాదు, బట్టలారేసే దండెం.

అయినా ఒక రాత్రి యాకూబ్
దొంగతనంగా ఒకటి చేసి తెచ్చాడు.
వీరుడు నడిచాడు. బాగున్నాడు.
గుడిసెలోకి దూరాడు.
బల్లెం గోడలోంచి బయటికొచ్చింది,
పైకప్పులోంచి, పొయ్యిలోంచి,
పడుకున్న ముసలమ్మ కడుపులోంచి.
ముసలమ్మ లేచి, ఎప్పట్లాగే, "సల్లగుండు బిడ్డా" అంది.
నవ్వీ నవ్వీ ప్రవళిక కుర్చీలోంచి జారింది.
తర్వాత కళ్లు తుడుచుకుని
"తీసెయ్" అంది.

కరెంటు పోయింది.
టార్చి పట్టుకుని కొంరెల్లి తాత పైకొచ్చాడు,
కింద షట్టర్లకు కాపలా ఆయన.
యూపీఎస్ మీద ఒక్క తెర ఇంకా వెలుగుతోంది.
చాలాసేపు చూసి
"గట్ల పట్టుకుంటరా బరిసెను?" అన్నాడు.

నల్లబెల్లి దిక్కు మక్కచేన్లలో
పందుల కావలి కాసిన చేతులట.
మూలకున్న మాప్ కర్ర తీసుకున్నాడు.
వెనక చేయి నడుముకు ఆనింది,
ముందు చేయి వదులుగా, పిట్టను పట్టినట్టు.
"పొడుసుడు కాదు పిలగా. పంది దానంతటదే వస్తది.
నువ్వు కదలకుంట నిలవడాలె. గంతే."
ఎప్పుడన్నా పొడిచినవా అని అడిగితే
"ఒక్కసారి" అన్నాడు.
ఇంకేం చెప్పలేదు.

తర్వాత, ఎవరూ అడక్కుండానే,
మా గది దర్వాజ దాకా పోయి ఆగాడు.
కర్ర మొన నేలకు దించి,
నడుం వంచి, అవతలికి పోయాడు.
మా దర్వాజ ఏడడుగులు.
ఆయన వంగింది ఇంకేదో దర్వాజకు.
"ఒకలింట్లకు పోయేటప్పుడు మొన ముందుగాల దించాలె.
లేకుంటె లోపటోళ్లు ఏమనుకుంటరు?"

యాకూబ్ ఫోన్‌లో అది పడింది:
పదకొండు సెకన్లు, సగం చీకటి,
మాప్ నుంచి కారే నీళ్ల చప్పుడు.

ఇప్పటికీ తేలలేదు.
పొద్దున ప్రవళిక వీడియోను మూడుసార్లు చూసి
ఏమీ అనకుండా చాయ్ తేవడానికి పోయింది.
పట్టికలో పద్నాలుగు మాత్రం పదిహేనైంది,
ఎవరు కలిపారో తెలియదు.
కొండచిలువకు ఏం చేయాలో నాకింకా తోచలేదు.

ఇవాళ గుడిసె దర్వాజను
జానెడు కిందికి దించాను.
ఎవరికీ చెప్పలేదు.